కాలమ్ తీసేస్తే డేటా పోయినట్టేనా?

నాచారం పారిశ్రామికవాడలో ఏళ్లుగా నడుస్తున్న ఏ కారఖానా బిల్లింగ్ టేబుల్‌లోనైనా ఒకప్పుడు ‘టిన్’ అనే కాలమ్ ఉండేది. వ్యాట్ కాలపు నంబరు అది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక కొత్త బిల్లులకు దాంతో పని లేకుండా పోయింది. తీసేయడానికి ‘డ్రాప్ కాలమ్’ అని ఒక్క ఆదేశం చాలు. అపోహలన్నీ ఆ ఆదేశం చుట్టూనే.

అపోహ: డ్రాప్ చేయగానే డేటా చెరిగిపోతుంది, డిస్కులో చోటు మిగులుతుంది.

వాస్తవం: పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో అలా జరగదు. తన చిట్టాలో ఆ కాలమ్ పక్కన ‘తీసేసింది’ అని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. పాత వరుసల్లోని విలువలు డిస్కు మీద అలాగే ఉంటాయి. కోటి వరుసలున్నా పని క్షణంలో ముగిసేది అందుకే. తర్వాత ఏ వరుసను మార్చితే, ఆ వరుస కొత్త ప్రతిలో మాత్రమే ఆ విలువ ఉండదు. అన్నీ ఒకేసారి పోవాలంటే ‘వాక్యూమ్ ఫుల్’తో టేబుల్‌ను తిరగరాయించాలి, అంతసేపూ దాన్ని ఇంకెవరూ వాడలేరు. ఒక టేబుల్‌కు 1600 కాలమ్‌లే పరిమితి. తీసేసినవీ ఆ లెక్కలోకే వస్తాయి. వేగం కోసం రూపకర్తలు చేసిన ఈ ఎంపిక సరైనదేనని నా అభిప్రాయం. కానీ తీసేసిన కాలమ్‌లో కార్మికుల ఆధార్ నంబర్లు ఉంటే? టేబుల్ తిరగరాయించి, పాత బ్యాకప్‌ల సంగతీ తేల్చేదాకా ‘చెరిపేశాం’ అని వాళ్లకు మాట ఇవ్వకూడదు.

అపోహ: అన్ని డేటాబేస్‌లూ ఇంతే.

వాస్తవం: ఎస్‌క్యూలైట్‌లో 2021 దాకా ఈ ఆదేశమే లేదు. ఇప్పుడు ఉన్నా, విలువలను నిజంగా తీసేస్తూ టేబుల్‌ను తిరగరాస్తుంది. ఒరాకిల్‌లో కాలమ్‌ను ముందు ‘అన్‌యూజ్డ్’గా పక్కనపెట్టి, రద్దీ లేని వేళ అసలు తొలగింపు చేసుకోవచ్చు.

అపోహ: పొరపాటైతే వెనక్కి తెచ్చుకోవచ్చు.

వాస్తవం: పోస్ట్‌గ్రెస్‌లో కమిట్ చేసి ఖాయపరిచేలోపు రోల్‌బ్యాక్‌తో వెనక్కి తీసుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్‌లలో ఆ అవకాశమూ లేదు. ఆదేశంతోపాటే కమిట్ అయిపోతుంది. ఆ తర్వాత బ్యాకప్పే దిక్కు.

అపోహ: పాత కాలమ్ ఎవరికీ అక్కర్లేదు.

వాస్తవం: జిల్లా పేరు కాలమ్‌నే తీసుకోండి. నాచారం ఉన్న ఉప్పల్ మండలం 2016 అక్టోబరులో రంగారెడ్డి జిల్లా నుంచి మేడ్చల్–మల్కాజిగిరిలోకి వచ్చింది. అంతకుముందు రాసుకున్న దస్తావేజుల మీద మాత్రం పాత జిల్లా పేరే ఉంది. వాటిని వెతకాలంటే ఆ కాలమ్‌లోని పాత విలువ కావాల్సిందే.

అందుకే, ముందుగా మీ ప్రోగ్రాములు, రిపోర్టులు ఆ కాలమ్‌ను చదవకుండా మార్చండి. ఒక నెల చూడండి. బ్యాకప్ తీసి, అది తెరుచుకుంటోందో లేదో పరీక్షించండి. అప్పుడు డ్రాప్ చేయండి.