చేపల పులుసు తిన్న కాసేపటికే దద్దుర్లా..? అలర్జీ కాకపోవచ్చు.. అసలు సంగతి ఐస్‌లో ఉంది!

నెల్లూరు అంటేనే చేపల పులుసు. మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె తీరాల్లో ఒడ్డుకొచ్చిన చేప గంటల్లోనే మార్కెట్‌కు చేరుతుంది. ఆ గంటల్లో చేప ఐస్‌లో ఉందా, ఎండలో ఉందా..? తేడా వస్తే ఇంటిల్లిపాదీ ఆస్పత్రికి పరిగెత్తాల్సి రావొచ్చు.

అసలేం జరుగుతుంది?

వంజరం, కానాగంతలు, కవళ్లు, సూర లాంటి సముద్రపు చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం సహజంగానే ఎక్కువ. చనిపోయిన చేపను ఐస్ లేకుండా వదిలేస్తే బ్యాక్టీరియా పెరిగి దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. ఇలాంటి చేప తింటే వచ్చేదే స్కాంబ్రాయిడ్ పాయిజనింగ్. కిలో చేపలో హిస్టమిన్ 200 మిల్లీగ్రాములు దాటకూడదన్నది అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం.

లక్షణాలివే..

తిన్న కొద్ది నిమిషాల నుంచి గంట, రెండు గంటల్లోపే ముఖం ఎర్రబడుతుంది. నోట్లో మంట, దురద, దద్దుర్లు, తలనొప్పి, గుండె దడ, విరేచనాలు మొదలవుతాయి. చూడ్డానికి అచ్చం అలర్జీలాగే ఉంటుంది. అందుకే కొందరు ‘మనకు చేప పడదు’ అనుకుని జీవితాంతం మానేస్తుంటారు. కానీ ఒకే కూర తిన్న నలుగురికీ ఒకేసారి ఇలా అయితే తప్పు ఒంటిది కాదు, చేపదే అని అనుమానించాలి. చాలామందికి ఒక రోజులోపే తగ్గిపోతుంది. ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మరిగిస్తే పోతుందా?

పోదు. వంట వేడికి బ్యాక్టీరియా చస్తుంది కానీ, అప్పటికే తయారైన హిస్టమిన్ అలాగే ఉంటుంది. వేయించినా, ఫ్రీజర్‌లో పెట్టినా, చింతపండు ఎంత పిండినా లాభం లేదు. పైగా ఇలాంటి చేప వాసన కూడా రాకపోవచ్చు.

ఐస్‌కు బదులు ఫార్మాలిన్ వాడటం ఇంకో ప్రమాదం. ఆ రసాయనం ఉందంటూ 2018లో ఏపీ చేపలను అస్సాం కొన్నాళ్లు నిలిపేసిన సంగతి తెలిసిందే.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* కిందా పైనా ఐస్ ఉన్న చేపనే కొనండి. మొప్పలు ఎర్రగా, కండ గట్టిగా ఉండాలి.
* ఇంటికి రాగానే శుభ్రం చేసి 4 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండాకాలంలో గంటకు మించి బయట ఉంచొద్దు.
* ఫ్రీజర్‌లోని చేపను గట్టు మీద కాదు, ఫ్రిజ్‌లోనే కరగనివ్వండి.

రాత్రి వండిన పులుసు తెల్లారి తింటేనే రుచి అంటారు నెల్లూరోళ్లు. చల్లారిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మళ్లీ బాగా మరిగించి తింటే సరి. కానీ కుండలో పడక ముందే పాడైన చేపను మాత్రం ఏ పులుసూ బాగుచేయలేదు!