ఒక ఆనపకాయ, నాలుగు పూటలు

నిండు ఆనపకాయ కొనడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

డబ్బుల్లేక కాదు. శనివారం సాయంత్రం విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజారుకు వెళ్తాను. ఆనపకాయల గుట్ట ముందు ఆగి, ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూసి, మళ్లీ అక్కడే పెట్టేసేదాన్ని. కిలోంబావు కాయ, తినేది నేనొక్కదాన్ని. ఎన్నాళ్లని తింటాను? అదే గుట్టకు అటు పక్కన పావుకిలో బెండకాయలు, పావుకిలో దొండకాయలు కొనుక్కుని వచ్చేసేదాన్ని. మా శ్రీకాకుళం జిల్లా ఇంట్లో ఎనిమిది మందికి వంట. అక్కడ ఆనపకాయ ఒక్క పూటకే చాలదు. ఇక్కడ అదే కాయ నాకు కొండంత కనిపించేది.

గుట్ట వెనక కూర్చునే ముసలమ్మ ఓ శనివారం నన్ను పట్టేసింది.

"ఒక్కర్తివే ఉంటన్నావేటమ్మా?"

"అవును మామ్మా."

"అయితే ఏటి? కాయ నిన్ను తినేస్తాదా? కొన దగ్గర్నుంచి కోసుకో. మిగతాది తొక్క తియ్యకు. ఎన్నాళ్లయినా ఉంటాది."

ఒంటరి వంట గురించి నాకు ఎవరైనా చెప్పిన మొదటి పనికొచ్చే మాట అది. అంతకుముందు అందరూ చెప్పింది ఒకటే: "ఒక్కదానికి ఏం వండుకుంటావులే!"

నేనూ అదే నమ్మాను. కాంట్రాక్టు ఉద్యోగం, మద్దిలపాలెంలో ఒక గది, దానికి ఆనుకుని గట్టు ఉన్న వంటిల్లు. మొదటి మూడు నెలలు పొద్దున బండి మీద ఇడ్లీ 40, మధ్యాహ్నం ఆఫీసు పక్కన భోజనం 90, రాత్రికి అన్నం నేనే వండి కర్రీ పాయింట్ నుంచి కూర 40, సాంబారు 25. మనవాళ్లు కర్రీ పాయింట్ అనే సదుపాయాన్ని కనిపెట్టినందుకు బ్రహ్మచారులంతా దణ్ణం పెట్టాలి. పాలిథిన్ కవర్లో వేడివేడిగా ముడి వేసి ఇచ్చే ఆ గుత్తివంకాయ ఎన్ని రాత్రులు నన్ను కాపాడిందో. కానీ రోజుకు 195, నెలకు 5,850. ఆదివారాల బిర్యానీ 800. అంటే పాలూ కాఫీ కాకుండానే 6,650. ఇదిగాక, "పోనీ వండుకుందాం" అని కొన్న కూరగాయలు సంచిలోనే కుళ్లిపోయేవి. ఆ డబ్బు ఏ లెక్కలోకీ రాలేదు.

ఆ లెక్కకు రాని డబ్బే అసలు సంగతి. ఒంటరిగా ఉండేవాళ్లకి కూరగాయల ధర పెద్ద శత్రువు కాదు, మిగిలిపోయేదే శత్రువు. నలుగురున్న ఇంట్లో ఒక కొత్తిమీర కట్ట ఒక పూటకి చెల్లిపోతుంది. నాకైతే నాలుగు రెమ్మలు కావాలి, మిగతాది మూడో రోజుకి నల్లటి ముద్ద. పది రూపాయల కట్టలో నేను తిన్నది రెండు రూపాయలది.

పైగా వంటలన్నీ చిన్నవి కావు. పప్పు సగం చేసినా పోపుకి చెంచాడు నూనె పోయాల్సిందే. చిటికెడు ఇంగువకి సగం చిటికెడు ఉండదు. మా అమ్మ ఫోన్లో చెప్పేవన్నీ ఎనిమిది మంది కొలతలు. "ఉప్పెంత అమ్మా?" అంటే "చూసి వెయ్యి" అనేది. ఏం చూడాలో చెప్పేది కాదు. చివరికి దసరాకి ఊరెళ్లినప్పుడు అటక మీద నుంచి పాత ఇత్తడి గిద్ద తీసి నా సంచిలో పెట్టింది. సోలలో నాలుగో వంతు. మా నాన్నమ్మ కాలంలో బియ్యం, పప్పులు కొలిచింది దాంతోనే. రెండు గిద్దల బియ్యం నాకు ఒక పూట. కిరాణా కొట్టు త్రాసు మీద పెట్టి చూస్తే వంద గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఇప్పుడు బియ్యం డబ్బాలో ఆ గిద్దే ఉంటుంది. చేతి అంచనాతో పోసినన్నాళ్లూ రోజూ గుప్పెడు మిగిలేది. గిద్ద వచ్చాక మిగలడం మానేసింది. నెలకు 6 కిలోలు, అంతే.

మిగిలిన అన్నం గురించి ఒక ముచ్చట చెప్పాలి. ఓ మే నెల రాత్రి మిగిలిన అన్నం గిన్నెలోనే గట్టు మీద వదిలేసి పడుకున్నాను. పొద్దున వాసన బాగానే ఉంది. పోపు పెట్టి, నిమ్మకాయ పిండి, తినేసి ఆఫీసుకి వెళ్లాను. పదకొండింటికి వాంతులు. ఆ రోజు జీతం కోతా, మందుల ఖర్చూ కలిపితే ఆ గుప్పెడు అన్నం నా జీవితంలో తిన్న అత్యంత ఖరీదైన భోజనం. తర్వాత తెలుసుకున్నాను: బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. విశాఖ ఉక్కలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. కాబట్టి అన్నం మిగిలితే ఆవిరి పోగానే, గంటా రెండు గంటల లోపే, మూత పెట్టి ఫ్రిజ్‌లోకి. మర్నాడు తినేయాలి. మూడో రోజు దాకా చూడొద్దు.

నా ఫ్రిజ్ సెకండ్ హ్యాండ్‌దే. ఒంటరిదానికి ఫ్రిజ్ విలాసమని మా బాబాయి అన్నాడు. కుటుంబానికి లేకపోయినా గడుస్తుందేమోగానీ ఒంటరికి గడవదని నేనంటాను. నలుగురుంటే మిగలదు కదా, దాచాల్సిన పనేముంది?

ఆ ఫ్రిజ్ మీద ఆధారపడే నా ఆదివారం వంట నడుస్తుంది. దీన్ని కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నా గ్యాస్, నా సాయంత్రాలు ఆదా అయ్యేది ఇక్కడే. ఆరు గిద్దల కందిపప్పు కడిగి అరగంట నానబెడతాను. మూడు లీటర్ల కుక్కర్లో అడుగున నీళ్లు పోసి, కింద గిన్నెలో పప్పు, పై గిన్నెలో ఆ పూట అన్నం. పప్పులో పసుపు, చుక్క నూనె తప్ప ఇంకేమీ వేయను. ఉప్పూ వద్దు, చింతపండూ వద్దు. పులుపు పడితే పప్పు సరిగా ఉడకదు. కూతలు వచ్చాక మంట ఆపేసి, ఆవిరి దానంతటది పోయేదాకా ముట్టుకోను. ఆ లోపలి వేడి మనం డబ్బిచ్చి కొన్నదే, దాన్ని ఎందుకు వదిలేయాలి? ఉడికిన పప్పు మూడు స్టీలు డబ్బాల్లోకి. ఒకటి ఆ పూటకే టమాటా పప్పు. రెండోది మంగళవారం పప్పుచారు, దానికి పప్పు కొంచెమే చాలు. మూడోది డీప్‌లో పెట్టి గురువారం తీస్తాను. ఉప్పేసి, నెయ్యి చుక్క వేసి ముద్దపప్పు, పక్కన అమ్మ పెట్టిన ఆవకాయ. కూర వండిపెట్టుకుని మూడు రోజులు తింటే రెండో రోజుకే మొహం మొత్తుతుంది. పప్పు మాత్రమే వండి పెట్టుకుంటే మూడు రోజులూ మూడు రుచులు.

ఇలా వండితే 14.2 కిలోల గ్యాస్ బండ నాకు ఎంతకాలం వస్తుందో చూద్దామని క్యాలెండర్ మీద తేదీ రాశాను. మార్చి 2న పెట్టింది జూన్ 20 దాకా వచ్చింది. కనెక్షన్ రాకముందు 5 కిలోల చిన్న బండ వాడాను. చిరునామా రుజువు లేకుండా దొరుకుతుంది, మోసుకెళ్లడం సులువు, కానీ కిలో లెక్కన చూస్తే ఖరీదెక్కువ. ఊళ్లో ఏడాదికి పైగా ఉండేవాళ్లు పెద్ద బండకే వెళ్లడం మంచిది.

విశాఖలో ఇంకో పేచీ ఉంది, సముద్రపు గాలి. ఉప్పు కరిగిపోతుంది, అప్పడాలు మెత్తబడతాయి, పంచదార గడ్డ కడుతుంది. ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేస్తే చెమ్మ అవి పీల్చుకుంటాయి. రవ్వ తెచ్చిన రోజే దోరగా వేయించి పెడితే పురుగు పట్టదు. బియ్యంలో ఎండు వేపాకు. ఇవేవీ కొత్తవి కావు, మీ ఇంట్లోనూ తెలుసు. నాకు తెలియంది ఒక్కటే. ఎంత చవగ్గా ఉన్నా కిలో రవ్వ కొనకూడదని. "కిలో తీసుకుంటే ఆరు రూపాయలు కలిసొస్తుంది" అని కొట్టతను చెప్పేది నలుగురికి నిజం. నాకు సగం పురుగుల పాలు. అందుకే ఆ గల్లీ కొట్టులోనే వంద గ్రాములు, రెండొందల గ్రాములు పొట్లం కట్టించుకుంటాను. చిల్లర ధర ఎక్కువైనా నాకు అదే చవక.

ఒంటరివాళ్ల కోసమే చుట్టి పంపినట్టుండే సరుకు ఒక్కటుంది, కోడిగుడ్డు. కొయ్యక్కర్లేదు, మిగలదు, ఒక గుడ్డు ఒక పూట. ఆరు గ్రాముల మాంసకృత్తులు. నా రెండో ఓటు ఎండు నెత్తళ్లకి. ఫిషింగ్ హార్బర్ దగ్గర కొన్న గుప్పెడు నెత్తళ్లు మూత బిగించిన సీసాలో నెలలు ఉంటాయి. రెండు వంకాయల్లో పది నెత్తళ్లు వేస్తే ఆ కూర ముందు ఏ బిర్యానీ నిలవదు. గది అద్దెకి వెతికే రోజుల్లో ఒకావిడ తలుపు దగ్గరే "నీసు వండుతారా?" అని అడిగింది. "వండుతాను" అన్నాను. తలుపు మూసుకుంది. ఇప్పటి ఇంటావిడ, నెత్తళ్లు వేగుతుంటే గిన్నె పట్టుకుని దిగుతుంది.

లెక్కలు రాయడం మొదలుపెట్టాక ఆశ్చర్యపోయింది పాల దగ్గర. రోజుకి అర లీటరు, నెలకి 900. నా వంటింట్లో అన్నిటికంటే పెద్ద ఖర్చు అదే. మానేయడం నావల్ల కాదు, సగం కాఫీ, సగం పెరుగు. తర్వాత కూరగాయలు 720, బియ్యం 330, పప్పులు 230, నూనె 150, గుడ్లు 140, చేపలు కోడి కలిపి 250, చింతపండు, పోపుసామాను, కాఫీపొడి, పంచదార అన్నీ 400, గ్యాస్ వాటా 240. మొత్తం 3,360. మునుపటి దాంట్లో సగం. నెలాఖరున నీరసమొచ్చి వండబుద్ధి కాని రోజు అన్న క్యాంటీన్‌కి వెళ్తాను. 2018లో పెట్టి, మధ్యలో మూసేసి, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. పూటకి 5 రూపాయలు. వరసలో నిలబడితే ఎవరైనా చూస్తారేమో అని మొదట్లో సిగ్గుపడ్డాను. ఓ రోజు చూస్తే మా ఆఫీసాయన నాకంటే ముందున్నాడు.

ఇక ఆ ఆనపకాయ. ముసలమ్మ మాట విని చివరికి ఒకటి కొన్నాను, 25 రూపాయలు. ఇంటికొచ్చి కొన దగ్గర జానెడు కోశాను. ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూశాను. ఇది మాత్రం మరచిపోవద్దు: ఆనపకాయ చేదుగా ఉంటే అందులో విషం ఉన్నట్టే, ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. డబ్బులు పెట్టి కొన్నామని తినొద్దు, పారేయండి. నాది తియ్యగానే ఉంది. మిగతా కాయ తొక్కతోనే, కోసిన వైపు గుడ్డ చుట్టి ఫ్రిజ్ అడుగు అరలోకి వెళ్లింది. ఆదివారం పెసరపప్పు వేసి కూర. తీసిన తొక్క పచ్చిమిర్చితో వేయించి, చింతపండు పెట్టి రుబ్బితే పచ్చడి. సోమవారం దాన్ని ముట్టుకోలేదు, గుడ్డు తిన్నాను. మంగళవారం ఎండిన అంచు పల్చగా చెక్కేసి, పెద్ద ముక్కలు పప్పుచారులోకి. బుధవారం గింజలున్న నడుమ భాగం తురిమి, బియ్యప్పిండిలో కలిపి, జీలకర్ర వేసి దళసరి రొట్టె. నూనె పీల్చుకుని అంచులు ఎర్రగా కాలిన ఆ రొట్టె వేడిగా తింటుంటే నాకు నిజంగానే గర్వంగా అనిపించింది. కంచంలో పెట్టుకుని, కూర్చుని తిన్నాను. అంతకుముందు చాలా రాత్రులు గట్టు దగ్గర నిలబడి గిన్నెలోంచే తినేసేదాన్ని.

శనివారం వెళ్లి ముసలమ్మకి చెప్తే, "నాలుగు పూటలేనా? ఆకు కూడా వండుకోవచ్చు, తెలుసునా?" అంది.

రైతుబజార్లు మన దగ్గర 1999లో మొదలయ్యాయి. రైతు తెచ్చిన సరుకు రైతే అమ్మాలి, ఆ రోజు ధర బోర్డు మీద రాయాలి అన్నది ఏర్పాటు. అప్పట్లో సంచి పట్టుకుని వచ్చేవాళ్లలో ఎక్కువమంది సంసారులు. ఇప్పుడు నా వరసలో చూస్తే పోటీ పరీక్షలకి చదివే పిల్లలు, నైట్ డ్యూటీ దిగిన నర్సులు, పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దాయనలు, అందరి చేతుల్లోనూ చిన్న సంచులే. గుమ్మడికాయ కోసి ముక్కలుగా అమ్ముతున్నారు. కంద కోసి ఇస్తున్నారు. పనస ముక్కలూ దొరుకుతున్నాయి. అమ్మేవాళ్లకి నా విన్నపం ఒకటే: ఆనపకాయ కూడా సగానికి కోసి ఇవ్వండి. మిగతా సగం కొనడానికి నా వెనకే ఇంకొకరు నిలబడి ఉంటారు.