ప్రాణానికి క్రయధనం

హీబ్రూ కీర్తనల గ్రంథంలో 49వ కీర్తన కోరహు కుమారుల పేర ఉంది. ఇందులో మొర లేదు, స్తుతీ లేదు. ధనికులనూ దరిద్రులనూ ఒక్కచోటికి పిలిచి, సితారా మీద కవి ఒక చిక్కు ప్రశ్న విప్పుతాడు: డబ్బుతో ప్రాణాన్ని విడిపించుకోగలమా?

ఈ ప్రశ్న వెనుక ఒక చట్టం కనిపిస్తుంది. పొడిచే ఎద్దు గురించి ముందే హెచ్చరించినా కట్టివేయని యజమాని, అది మనిషిని చంపితే మరణశిక్షకు అర్హుడు. అయితే క్రయధనం చెల్లించి బతకవచ్చునని నిర్గమకాండం 21వ అధ్యాయం అంటుంది. హంతకుడికి ఆ వీలు లేదని సంఖ్యాకాండం 35వ అధ్యాయం చెబుతుంది. అంటే న్యాయస్థానంలో కొన్నిసార్లు ప్రాణానికి వెల ఉండేది. మృత్యువు దగ్గర ఆ బేరమే లేదంటాడు కవి. ఆ కవిత్వంలో మృత్యువు కాపరి. ధనవంతులు దాని వెంట నడిచే మంద.

నా దృష్టిలో అంతకన్నా పదునైనది భూముల ప్రస్తావన. తమ పేర్లు పెట్టుకున్న పొలాలను జనం ఇతరులకు వదిలి పోతారని కవి గమనించాడు. ఈ మాట గోదావరి డెల్టాకు బాగా తగులుతుంది. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో బైబిలు బోధించేనాటికి ఇక్కడి వ్యవసాయం వానకూ వరదకూ లోబడి ఉండేది. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్టను ఆర్థర్ కాటన్ 1852 నాటికి పూర్తిచేయించాడు. కాలువ నీరు పారాక ఎకరమే మనిషి హోదాకు కొలత అయింది.

కానీ కీర్తనకారుడు మనిషి పోతాడనీ పొలం మిగులుతుందనీ అనుకున్నాడు. మన లంకల్లో పొలమూ నిలవదు. డెల్టా అంతా నది తెచ్చిపోసిన ఒండ్రే. వరదలో నది ఒక ఒడ్డును కోసి, మరోచోట ఇసుక మేట వేస్తుంది. కొబ్బరితోటలున్న గట్టు విరిగి పడ్డాక చేతిలో మిగిలేది పట్టా కాగితమే.

అయినా కవి నిరాశపడడు. మనిషి చెల్లించలేని క్రయధనాన్ని దేవుడే చెల్లించి తన ప్రాణాన్ని పాతాళం నుంచి విడిపిస్తాడని ఒక్క వాక్యంలో నమ్మకం ప్రకటిస్తాడు. యూదులు దుఃఖగృహంలో ఈ కీర్తన చదివే ఆచారం ఉంది. మన ఆదరణ కూడికల్లోనూ దీన్ని చదవాలి, అదీ ఆస్తి పంపకాల మాట మొదలుకాక ముందే.