చిల్లిగవ్వ కథ

కంకిపాడు వంటి మన డెల్టా గ్రామములలో అరుగుమీద సుద్దతో గడులు గీచి, నాలుగు గవ్వలు గుప్పిట గలగలలాడించి అష్టాచెమ్మా ఆడనివారు పెద్దలలో అరుదు. నాలుగును వెల్లకిల పడిన చెమ్మ, బోరగిల పడిన అష్ట. ఆ గవ్వ ఎచ్చటిదని మనము విచారించుట మాత్రము తక్కువ.

గవ్వ ఒక చిన్న సముద్రపు నత్తకు ఇల్లు. సాధారణముగా అంగుళమునకు మించని ఈ నత్తకు కృష్ణమ్మ ఒండ్రు కలిసిన తీరము నచ్చదు. పగడపు దిబ్బలనడుమ లోతు తక్కువైన తేటనీరు కావలెను. పగలు రాళ్ళక్రింద దాగి, రాత్రివేళ నాచు మేయును. బ్రతికియున్నపుడు తన మెత్తని చర్మపుపొరను రెండువైపులనుండి పెంకుపైకి కప్పుకొనును. ఆ పొరయే గవ్వకు నునుపును మెరుపును ఇచ్చును. లేతవయసున పలుచగా నుండు పెంకు అంచు, ఎదిగిన పిమ్మట లోనికి ముడుచుకొని పండ్లవలె గాట్లు దేరును.

ఈ నత్త అనేక సముద్రములలో నున్నను, పూర్వము గవ్వలకు పేరుగన్నవి మాల్దీవులు. సుమారు 1,200 పగడపు దీవుల దండ అది. అచ్చటివారు కొబ్బరిమట్టలను నీటిపై తేల్చగా నత్తలు వానిని పట్టుకొనెడివి. వానిని ఒడ్డున గుంతలలో పూడ్చి, మాంసము క్రుళ్ళి పోయిన పిదప పెంకులను ఓడల కెక్కించెడివారు. 1343 ప్రాంతమున ఆ దీవులకు వచ్చి ఖాజీగా నుండిన ఇబన్ బతూతా, వంగదేశీయులు బియ్యమిచ్చి గవ్వలు కొనుచుండిరని వ్రాసెను. ఒక బంగారు దీనారమునకు నాలుగు లక్షలు. ధర పడినపుడు పండ్రెండు లక్షలు.

ఇన్ని గవ్వలెందులకు? అవి నాణెములు గనుక. గవ్వ సులభముగా పగులదు, అరుగదు. దొంగగవ్వ చేయుట గిట్టదు. భాస్కరాచార్యుని లీలావతి లెక్కన 20 గవ్వలు ఒక కాకిణి, నాలుగు కాకిణులు ఒక పణము. పిడికెడు ఉప్పునకు, కట్ట కూరకు వెండి నాణెము పనికిరాదు. గవ్వయే పేదవాని ధనము.

అందుచేతనే గవ్వ పడిపోయినపుడు ముందుగా నలిగినవాడు పేదవాడే. 1803లో ఒడిషా ఈస్టిండియా కంపెనీ వశమైన తరువాత శిస్తు వెండి రూపాయలలో చెల్లింపవలసి వచ్చెను. రూపాయితో పోల్చిన గవ్వవిలువ తగ్గెను. పాతశిస్తుకే రైతు మరిన్ని గవ్వలు పోయవలసి వచ్చెను. 1817లో ఖుర్దాలో లేచిన పైకుల తిరుగుబాటునకు గల కారణములలో ఇదియు నొకటి.

నత్త మారలేదు, పెంకు మారలేదు. పుచ్చుకొనువాడు కాదన్ననాడు ధనము ఆటవస్తువైనది. 'చేత చిల్లిగవ్వ లేదు' అనునపుడు మన నోట పలుకునది ఆనాటి బజారు లెక్కయే.