చెఱకు రసమును, గ్రాఫు కాగితమును



గానుగ వంతు కుదురక, నఱికిన చెఱకును గట్టుమీద రెండు మూడు దినములుంచుట మన దెందులూరు, ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములకు క్రొత్త గాదు. పిమ్మట బెల్లము గట్టిపడకున్న పాకము దింపినవానిని నిందింతుము. దోషము తఱచుగా కాలహరణమునందే యుండును.

రసమందలి పంచదార నీటితో గలసి గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండు చక్కెరలుగా విడిపోవును. ఇవి హెచ్చినచో బెల్లము మెత్తబడి తేమను పీల్చును. ఈ మార్పుయొక్క వేగమును 1850వ సంవత్సరమున విల్హెల్మీ అను జర్మను శాస్త్రజ్ఞుడు కొలిచెను. ఆమ్లము చేర్చిన పంచదార నీటిగుండ ధ్రువిత కాంతిని పంపి, అది యెంత తిరుగునో చూచి, మిగిలిన పంచదారను లెక్కించెను.

ఊహకు ఒక లెక్క తీసికొందము. మొదట 80 పాళ్లు పంచదార యున్నది. 6 గంటలకు 40, 12 గంటలకు 20, 18 గంటలకు 10 పాళ్లు మిగిలినవి. గ్రాఫు కాగితముపై కాలమును అడ్డముగా, పాళ్లను నిలువుగా గుర్తింపుడు. గీత నేరుగా వచ్చిన శూన్య క్రమము, ఇచ్చట వంగినది. పాళ్లకు బదులు వాని సంవర్గమానములను గుర్తింపుడు: 1.90, 1.60, 1.30, 1.00. గీత నేరుగా వచ్చినది; ఇది ప్రథమ క్రమము. ఒకటిని పాళ్లచే భాగించి గుర్తించినప్పుడు నేరుగా వచ్చిన ద్వితీయ క్రమము, ఇచ్చట 0.0125, 0.025, 0.05, 0.1 అగుటచే గీత పైకి వంగును.

చర్యలో నీరును పాల్గొనుచున్నది గదా యని కొందఱడుగవచ్చును. నీరు విస్తారముగా నుండుటచే దాని తఱుగు లెక్కకు రాదు. వేగము పంచదారనుబట్టియే యుండును. ప్రథమ క్రమమనగా ఉన్నదానిలో ఒకే వంతు ప్రతి గంటకు పోవుట. ఉన్నది మెండైన తొలి గంటలలోనే నష్టమును మెండు.

నఱికిన చెఱకులో ఎంజైములు, సూక్ష్మజీవులు గూడ పనిచేయును గాన అచ్చట గీత యింత నేరుగా రాదు. అయినను కర్తవ్యము మారదు. ఆమ్లము, వేడిమి రెండును ఈ మార్పును త్వరపఱచును. కనుక గానుగను, పాత్రలను శుభ్రముగా నుంచుడు. రసము మరగుటకు ముందే సున్నపుతేటను మితముగా చేర్చి పులుపును విఱువుడు. ముఖ్యముగా, వంతు నిశ్చయమైన పిదపనే చెఱకుపై కత్తి వేయుడు. సంఘసభ్యులందఱు గూడి గానుగ వంతుల పట్టీని ముందుగా వ్రాసికొనినచో, ఖర్చు లేకయే బెల్లము దక్కును.