లో గేరు విడువని ఫోర్‌వీలు బండి

వరి నాట్లకు పొలము కలియదున్ని ట్రాక్టరు గట్టెక్కినది. అక్కడి నుండి తారురోడ్డు మీదికి మళ్ళినది. ఇక ఫోర్‌వీలు తీసివేసి, లో గేరు నుండి హై గేరునకు మార్చి ఇంటికి పోవలెను. కాని లీవరు కదలదు. డ్రైవరు రెండు చేతులతో లాగును, కాలితో తన్నును, చివరకు సుత్తి కొరకు వెదకును. ఈ సుత్తియే అసలు నష్టమునకు మొదలు. లీవరు వంగినను, లోపలి ఫోర్కు విరిగినను గేరుబాక్సు విప్పవలసినదే. చొప్పదండి, గుమ్లాపూరు, ఆర్నకొండ రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు: నారు ముదురుచుండగా, కూలీలు కుదిరియుండగా బండి వారము దినములు షెడ్డులో నిలిచిన ఏమగునో వారికే తెలియును.

లీవరు పట్టుకొన్నదనగానే చాలమంది తుప్పు అనియో, నూనె తక్కువైనదనియో తలతురు. కొన్ని యెడల అదియు నిజమే. కాని పొలములో చక్కగా పని చేసి, రోడ్డెక్కిన వెంటనే పట్టుకొన్నచో కారణము తరచు వేరు. లోపలి ఇరుసులు మెలిపడి, గేరు పండ్లు ఒకదానినొకటి నొక్కుకొని యున్నవి.

ఇది ఎట్లు జరుగునో చూడుడు. ఫోర్‌వీలు వేసినప్పుడు ముందు ఇరుసు, వెనుక ఇరుసు గేర్లతో గట్టిగా ముడిపడును. ఒకటి తిరిగినంత లెక్కగా రెండవది తిరుగవలసినదే. కాని బండి మలుపు తిరుగునప్పుడు ముందు చక్రములు పెద్ద వలయము మీదను, వెనుక చక్రములు చిన్న వలయము మీదను పోవును. ముందు ఇరుసునకు వెనుక ఇరుసునకు నడుమ 2 మీటర్ల దూరము గల బండి, వెనుక ఇరుసు నడిమి 5 మీటర్ల వ్యాసార్థముతో ఒక చుట్టు తిరిగినదనుకొనుడు. వెనుక ఇరుసు సుమారు 31 మీటర్ల 40 సెంటీమీటర్లు నడచును. ముందు ఇరుసు 33 మీటర్ల 80 సెంటీమీటర్లు నడచును. తేడా 2 మీటర్ల 40 సెంటీమీటర్లు. పొలముబాట నుండి రోడ్డు మీదికి తిరుగుట పావు చుట్టు మాత్రమే. దానికే 60 సెంటీమీటర్ల తేడా వచ్చును.

బురదలో ఈ తేడా తెలియదు. ఏదో ఒక చక్రము కొంచెము జారి లెక్క సరిచేసుకొనును. తారురోడ్డు మీద టైరు జారదు. జారని ఆ తేడా అంతయు ఇరుసులలో మెలిగా నిలిచిపోవును. ట్రాక్టరులో మరియొక సంగతి కూడ కలదు. ముందు చక్రములు మట్టిని బాగుగా పట్టి లాగవలెనని, వాటిని వెనుక చక్రములకంటె నూటికి 1 నుండి 5 వంతుల వరకు ఎక్కువ వడిగా తిరుగునట్లు తయారుచేయుదురు. అందువలన ఫోర్‌వీలుతో గట్టి రోడ్డు మీద తిన్నగా పోయినను బిగువు పెరుగుచునే యుండును, ముందు టైర్లు అరుగుచునే యుండును.

గుంజకు కట్టిన ఎద్దు వెనుకకు లాగుచుండగా పలుపు ముడి ఎవరి చేతను విడదు. ఎద్దును ఒక అడుగు ముందుకు తోలినచో ముడి దానంతటదే సడలును. ఇక్కడ చేయవలసినదియు అదే.

బండిని సమమైన నేల మీద పూర్తిగా ఆపుడు. బ్రేకు బిగించి, చక్రములకు ముందు వెనుక రాళ్ళు పెట్టుడు. క్లచ్చి పూర్తిగా తొక్కి, మామూలు గేరును న్యూట్రలుకు తెచ్చి, మూడు నాలుగు సెకండ్లు ఆగి, లీవరును మెల్లగా లాగుడు. రానిచో బలము పెంచవద్దు. రాళ్ళు తీసి, రివర్సు గేరు వేసి, ఏ వంపున వచ్చితిరో ఆ వంపుననే 5, 10 మీటర్లు వెనుకకు పోనిండు. మెలిపడిన ఇరుసు అట్లే విచ్చుకొనును. మరల ఆపి లాగిన లీవరు చేతివ్రేళ్ళకే లొంగవచ్చును. అప్పటికిని రానిచో బండిని పక్కనున్న తడి నేల మీదికో, ఇసుక మీదికో దించి నాలుగు గజములు తిన్నగా నడుపుడు. చక్రము జారగానే బిగువు పోవును. జాకీతో చక్రమును లేపి బిగువు విడిపించువారు కలరు. లేచిన చక్రము ఒక్కసారిగా గిర్రున తిరుగవచ్చును గనుక ఆ పని మిస్త్రీకి వదలుట మేలు.

రాళ్ళు పెట్టుమనుట ఊరక చెప్పినది కాదు. జీపులలో ఈ లీవరు లో నుండి హైకి పోవు దారిలో న్యూట్రలు వచ్చును. ఆ క్షణమున గేరులో నున్న బండికి కూడ ఇంజనుతో సంబంధము తెగిపోవును. చెరువుకట్ట వాలు మీద ఈ పని చేసిన బండి తనంతట తాను కదలును. వెనుక ఎవరును నిలువరాదు, క్రింద దూరరాదు.

జీపుల సంగతి వచ్చినది గనుక గ్రామోద్యోగులకు ఒక మాట. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ఆరంభమైన తరువాత బ్లాకు కార్యాలయములకు వచ్చిన జీపులు పెద్దలకు గుర్తుండును. పాత విల్లీస్ జీపులో గేరు రాడ్డు పక్కన రెండు చిన్న లీవర్లుండును. ఒకటి ముందు చక్రములది, రెండవది లో, హైలది. లో వేసియుండగా ముందు చక్రముల లీవరు తీయబోయిన రాదు. లోపల ఒక అడ్డు పిన్ను పెట్టి దానిని ఆపియున్నారు. లో గేరు బలమంతయు వెనుక ఇరుసు ఒక్కదాని మీద పడి అది విరుగకుండ చేసిన కట్టడి అది, జబ్బు కాదు. మొదట లో నుండి హైకి మార్చి, ఆ పిమ్మట ముందు చక్రములు తీయవలెను. పాత జీపు కొనుక్కొని తిరుగువారు ఈ వరుస తెలియక లీవరును వంచుచున్నారు. ఇప్పటి థార్‌లో ఒకే లీవరుండుటచే వరుస దానంతటదే కుదురును. కాని అందులోను న్యూట్రలు దాటియే పోవలెను.

వెనుకకు నడిపినను, ఇసుకలో దించినను లీవరు రానప్పుడు ఇతర కారణములు చూడవలెను. నిలిచిన బండిలో రివర్సు వేయగానే గరగర శబ్దము వచ్చినచో క్లచ్చి పూర్తిగా విడుచుట లేదు. పెడలు ఆటను బండితో వచ్చిన పుస్తకములోని కొలతకు సరిచేయించుడు. లీవరు క్రింది కీళ్ళలో బురద ఎండి రాయియై యుండవచ్చును. కడిగి గ్రీజు పెట్టుడు. నూనె పాలు కలిపిన తేనీరు రంగున నున్నచో నీరు చేరినదన్నమాట. లోతు బురదలో దున్నిన బండికి ముందు ఇరుసు నూనెను కూడ తీసి చూడవలెను. ఆ నూనెతోనే ఇంకొక సీజను నడిపిన బేరింగులు పోవును.

టైర్ల విషయమున పొదుపు ప్రమాదకరము. జీపునకు నాలుగు టైర్లు ఒకే సైజువి, ఇంచుమించు ఒకే అరుగుదల గలవి యుండవలెను. ట్రాక్టరునకు ముందు టైర్లు మార్చునప్పుడు దొరికిన సైజు వేసినచో ముందు వెనుక చక్రముల లెక్క తప్పి, లీవరు ప్రతి దినము పట్టుకొనును. గాలియు పుస్తకములో చెప్పినంతయే యుండవలెను.

దున్నకము ముగియగానే గట్టెక్కక ముందే, ఇంకను బురదలో నుండగనే బండిని తిన్నగా నిలిపి ఫోర్‌వీలు తీసివేయుట అలవాటు చేసికొనుడు. వాడుక లేక నెలల తరబడి నిలిచియుండు జీపులో మాత్రము నెలకొకసారి మెత్తని నేల మీద ఫోర్‌వీలు, లో రెండును వేసి, కొద్ది దూరము నడిపి, తీయుచుండుడు.