మంద్రస్వరానికి నలభై ఒక్క ఏళ్ల కొలువు

జెరోమ్ హైన్స్ చదివింది కెమిస్ట్రీ, లెక్కలు. బతికింది గొంతుతో. 1921లో హాలీవుడ్‌లో పుట్టిన ఈ ఆరడుగుల ఆరంగుళాల మనిషి, న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ ఒపేరాలో 1946 నుంచి 1987 దాకా పాడారు. అక్కడి ప్రదర్శనలే 850 దాటాయి.

ఒపేరాలో మగవాళ్ల గొంతుల్లో అన్నిటికంటే కింది స్థాయిది బాస్. ప్రేమికుడి వేషం మామూలుగా పై స్థాయిలో పాడే టెనర్‌కు వెళ్తుంది. రాజులు, మతగురువులు, వృద్ధ తండ్రులు, సైతానులు బాస్ గాయకుల వంతు. వేల మంది కూర్చునే హాల్లో, నిండు ఆర్కెస్ట్రా మోగుతుండగా, మైకు లేకుండా ఆ మంద్రస్వరం చివరి వరుసకు చేరాలి. అరిస్తే చేరదు. సాధన చేసిన గొంతులో 2500-3000 హెర్ట్జ్ ప్రాంతంలో నాదం ప్రత్యేకంగా బలపడుతుంది. వాద్యాల హోరు సరిగ్గా అక్కడే పలచబడుతుంది కాబట్టి, గొంతు ఆ సందులోంచి దూసుకొస్తుంది. ఈ పట్టు చిక్కడానికి ఏళ్లు కావాలి. అందులోనూ బాస్ గొంతు మిగతావాటికంటే ఆలస్యంగా పండుతుంది.

హైన్స్ ఆ ఆలస్యాన్ని చదువుకోవడానికి వాడుకున్నారు. అయినా 1941లో, ఇంకా ఇరవై నిండకముందే, శాన్‌ఫ్రాన్సిస్కో ఒపేరాలో వెర్డీ రాసిన ‘రిగొలెట్టో’తో రంగప్రవేశం చేశారు. మెట్రొపాలిటన్‌లో మొదట దక్కింది ముసోర్గ్‌స్కీ ‘బోరిస్ గొదునోవ్’లో ఒక చిన్న వేషం. 1950ల్లో అదే ఒపేరాలో బోరిస్ ఆయనే అయ్యారు. పసివాడైన యువరాజును చంపించిన పాపం వెంటాడగా మతి చలించే జార్ చక్రవర్తి బోరిస్. ఆ మనసును అర్థం చేసుకోవడానికి హైన్స్ మానసిక వైద్యులను సంప్రదించారు.

ఆ కష్టానికి గొప్ప పరీక్ష మాస్కోలో ఎదురైంది. 1962 అక్టోబర్. క్యూబాలో సోవియట్ క్షిపణులున్నాయని అమెరికా అధ్యక్షుడు కెనడీ ప్రకటించడంతో ప్రపంచం అణుయుద్ధం అంచున నిలబడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే బొల్షోయ్ థియేటర్లో ఒక అమెరికన్ రష్యన్ల జార్‌గా, రష్యన్ భాషలో పాడారు. ప్రేక్షకుల్లో సోవియట్ అధినేత కృశ్చేవ్ ఉన్నారు. నాటకం ముగిశాక తెర వెనక్కి వెళ్లి హైన్స్‌ను అభినందించారు కూడా.

లెక్కల మీద మమకారం ఆయన్ను ఎన్నడూ వదల్లేదు. గణిత పత్రికల్లో వ్యాసాలు ప్రచురించారు. క్రీస్తు జీవితంపై సొంతంగా ఒక ఒపేరా కూర్చారు. పవరోటీ, డొమింగో, జోన్ సదర్లాండ్ వంటి ఒపేరా గాయకులను గొంతు నడిపే తీరు గురించి అడిగి, వాళ్ల జవాబులతో 1982లో ఒక పుస్తకం తెచ్చారు. కొత్త గాయకులు ఇప్పటికీ తిరగేసే పుస్తకమది. మెట్రొపాలిటన్ నుంచి తప్పుకున్న ఏడాదే, యువ గాయకులకు శిక్షణ ఇవ్వడానికి న్యూజెర్సీలోని నేవార్క్‌లో ఒక సంస్థ నెలకొల్పారు.

2003 ఫిబ్రవరిలో కన్నుమూసేనాటికి ఆయన వయసు 81. అంతకు రెండేళ్ల ముందు కూడా బోస్టన్‌లో వేదికెక్కి, వెర్డీ ‘డాన్ కార్లో’లో రాజునే వణికించే తొంభై ఏళ్ల గుడ్డి మతాధికారి పాత్రను పాడారు.